మన బస్తీ ఓటు ఎటు పడ్డదో వాళ్లకెట్ల ఎరుక?

(పంచాయతీ ఎన్నికలు ముగిసిన తర్వాత షేక్‌పేట నాలా పక్క బస్తీలో జరిగిన సభలో కార్యకర్తల పక్షాన చేసిన ప్రసంగ పాఠం. సభలో కూర్చున్నవాళ్లు మధ్యలో అడిగిన మాటలను తీసేయకుండా ఉంచినం.)



అమ్మలారా, అక్కలారా, అన్నలారా, పాలమూరు నుంచి, మెదక్ నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఈ సభలో కూర్చున్న మన పల్లె జనమా,

ఎవరు గెలిచిండ్రు, ఎవరు ఓడిండ్రు అని చెప్పుకోవడానికి మనం ఇయ్యాల కూడలేదు. అది టీవీలు చాలాసార్లు చెప్పినయి. మనం మాట్లాడుకోవాల్సింది ఆ రోజు రాత్రి గురించి. అంటే 2025 నవంబరు 14, శుక్రవారం రాత్రి గురించి.

ముందుగా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఒక్క మాట. జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక అంటే సినిమావాళ్ల బంగళాల ఎన్నిక అని మీరు అనుకొని ఉంటరు. మా చుట్టం ఒకాయన ఫోన్ చేసి, మీ లైన్ల ఏ హీరో నిలబడ్డడు అని అడిగిండు. పేరు జూబ్లీహిల్స్ గాని ఆ బంగళాలు ఎక్కువ భాగం పక్కనున్న ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి పోయినయి. ఫిల్మ్ నగర్ కూడా అటే. 2009లో కొత్తగా పుట్టిన ఈ నియోజకవర్గంలో ఉన్నది మన షేక్‌పేట, యూసుఫ్‌గూడ, రహమత్ నగర్, బోరబండ, ఎర్రగడ్డ, వెంగళరావు నగర్. ఎక్కువ భాగం బస్తీలే. ఆ బంగళాల్లో బోళ్లు తోమేవాళ్లు, కార్లు తుడిచేవాళ్లు, కృష్ణానగర్ గల్లీల్లో ఉండి తెల్లవారుజామున షూటింగ్ వ్యాన్లు ఎక్కే జూనియర్ ఆర్టిస్టులు, లైట్ బాయ్‌లు, వంటవాళ్లు. పేరు వాళ్లది, ఓటు మనది.

మాగంటి గోపీనాథ్ గారు 2025 జూన్ 8న చనిపోవడంతో ఈ ఉప ఎన్నిక వచ్చింది. నవంబరు 11న పోలింగు. 58 మంది అభ్యర్థులు. ఒక్కో మిషన్ మీద 16 మీటలే ఉంటయి కాబట్టి నాలుగు మిషన్లు వరుసగా పెట్టిండ్రు. చదువురాని ముసలవ్వ నాలుగు మిషన్ల ముందు నిలబడి తన గుర్తు వెతుక్కోవాలె. ఓటర్లు 4 లక్షల పైచిలుకు, వచ్చినవాళ్లు నూటికి 48 మందే. రానివాళ్లను సోమరిపోతులని టీవీలో తిట్టిండ్రు. తెల్లవారుజామున వ్యాన్ ఎక్కి రాత్రికి దిగే మనిషి ఏడింటికీ ఆరింటికీ మధ్యన బూతుకు ఎట్ల పోతడు? పోలింగు రోజు కూలి కోయకుండా సెలవు ఇవ్వాలని, రోజు కూలీకి కూడా అది వర్తిస్తదని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్‌లో ఉన్నది. మనలో ఎంతమందికి ఇచ్చిండ్రు? చేతులు ఎత్తండి... ముగ్గురు. సరే.

నవంబరు 14న యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కర్ రెడ్డి స్టేడియంలో లెక్కింపు. పొద్దున ఎనిమిదింటికి మొదలు. 407 బూతులకు 42 టేబుళ్లు, 10 రౌండ్లు. లెక్క మన షేక్‌పేట డివిజన్ బూతులతోనే మొదలైంది. ఈ హాల్లోనే టీవీ పెట్టుకొని కూర్చున్నం. మధ్యాహ్నానికి కథ తేలింది. కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్‌కు 98,988, బీఆర్ఎస్ అభ్యర్థి మాగంటి సునీతకు 74,259, మెజారిటీ 24,729. బీజేపీకి 17,061 వచ్చి డిపాజిట్ పోయింది. రెండేండ్ల కింద 2023లో ఇదే నియోజకవర్గంలో గోపీనాథ్ 16,337 ఓట్ల తేడాతో అజహరుద్దీన్ మీద గెలిచిండ్రు. అంటే రెండేండ్లలో గాలి ఇటు నుంచి అటు తిరిగింది.

మరి తిప్పింది ఎవరు? ఆ సాయంత్రం నుంచి రాత్రి దాకా టీవీల్లో అదే చర్చ. ఎస్సీలు ఇంత శాతం ఇటు, ముస్లింలు గంపగుత్తగా అటు, మజ్లిస్ మద్దతు పనిచేసింది, పోలింగుకు పది రోజుల ముందు అక్టోబరు 31న అజహరుద్దీన్‌కు మంత్రి పదవి ఇచ్చుడు పనిచేసింది, బీసీ అభ్యర్థి కాబట్టి బీసీలు కదిలిండ్రు. కోటు వేసుకున్న ఒకాయనైతే దళిత ఓటు మళ్లా సొంతింటికి వచ్చిందన్నడు. సొంతిల్లట! మనం ఎన్నడు ఆ ఇంట్లో వాకిలి దాటి లోపల కూర్చున్నం?

ఈసారి ఎక్కువ సర్వేలు చెప్పినవాళ్లే గెలిచిండ్రు, అది ఒప్పుకోవాలె. అయితే 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇవే సర్వేలు కేంద్రంలో అధికార కూటమికి 350, 400 అని చెప్తే, జూన్ 4న పెద్ద పార్టీకి వచ్చినయి 240. ఎవరు గెలుస్తరో ఊహించడం ఒక సంగతి, ఏ కులపోడు ఎటు వేసిండో చెప్పడం ఇంకో సంగతి. మొదటిది పెట్టె తెరిస్తే తేలుతది. రెండోది ఏ పెట్టె తెరిచినా తేలదు. ఓటు మీద కులం రాసి ఉండదు.

టీవీలో మాట్లాడేవాళ్లతో మనకు పెద్ద నష్టం లేదు. వాళ్లు తెల్లారితే మరిచిపోతరు. నష్టం ఆ రాత్రి తొమ్మిదింటికి మన గల్లీలోకి నడిచి వచ్చింది. ఒక పెద్దమనిషి చేతిలో కాగితంతో వచ్చిండు. ఏ పార్టీ అనేది మేం చెప్పం. అట్లాంటివాళ్లు అన్ని పార్టీల్లో ఉన్నరు, వచ్చేసారి ఇంకో రంగు కండువాతో వస్తరు. "మీ బూతుల మాకు పడ్డవి ఇన్నే. ఇంటింటికీ ఇచ్చింది ఇంత. ఎవరు మోసం చేసిండ్రో మాకు తెలువదనుకున్నరా?" అని గల్లీ మొగదల నిలబడి అరిచిండు. పింఛను పెట్టుకున్న అవ్వను పేరు పెట్టి పిలిచి, "నీ కాగితం నా చేతుల మీదనే పోవాలె కదా అవ్వా, అప్పుడు చూద్దాం" అన్నడు. ఇండ్ల పని చేసుకునే ఒక అక్కతోని, నీ కొడుకు ఆటో ఏ అడ్డా మీద పెడ్తడో చూస్త అన్నడు.

ఆ రాత్రి మన బస్తీలో కొట్లాట ఆయనతోని కాలేదు. మనలో మనకే అయింది. ఇదీ సిగ్గుచేటు. మాలోళ్లు అటు వేసిండ్రని మాదిగోళ్లు, మాదిగోళ్లు పువ్వుకు వేసిండ్రని మాలోళ్లు, మీ సాయిబులే చేసిండ్రని ఇద్దరూ కలిసి నమాజుకు పోయివచ్చే ముసలాయన మీదికి. 2023 నవంబరు 11న పరేడ్ గ్రౌండ్స్‌లో మాదిగల సభకు ప్రధాని వచ్చిండు కాబట్టి మాదిగలంతా పువ్వుకే అని ఒక తమ్ముడు వాదించిండు. ఎదురింటి తమ్ముడు, వర్గీకరణ ఇక్కడ 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి తెచ్చింది చెయ్యి గుర్తు సర్కారు కదా, అట్లయితే మాదిగలంతా చేతికే పడాలె అన్నడు. ఒక్క కులానికే ఒక్క రాత్రిల రెండు దిక్కులు చెప్పిండ్రు! ఇద్దరిలో ఒక్కడు కూడా తన తల్లి ఎవరికి వేసిందో చెప్పలేకపోయిండు. ఆమె పక్కనే కూర్చొని ఉన్నది. "అడుగుర్రి, చెప్తనేమో" అని నవ్వింది. చెప్పలేదు.

ఆ తల్లి చేసిన పని చట్టప్రకారం సరైన పని. ఎవరికి ఓటు వేసినవో చెప్పమని కోర్టు కూడా సాక్షిని బలవంతం చేయరాదని ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్‌లో ఉన్నది.

(సభ నుంచి ఒక అన్న: "మరి ఆ కాగితం ఎక్కడిది? మిషన్ల వేసిన ఓటు ఎవరికీ తెలువదంటిరి కదా?")

అసలు ప్రశ్న అదే అన్నా. దానికే ఈ సభ.

నీ ఒక్కడి ఓటు ఎవరికీ తెలువదు. నీ బూతు ఓటు మాత్రం అందరికీ తెలుస్తది. లెక్కించే కాడ ఒక్కో బూతు మిషన్‌ను ఒక్కో టేబుల్ మీద పెడ్తరు. జాలీకి ఇవతల పార్టీల ఏజెంట్లు కాగితాలు పట్టుకొని కూర్చుంటరు. ఆఫీసరు రిజల్ట్ మీట నొక్కితే ఆ బూతులో ఎవరికెన్ని అనేది తెర మీద ఒక్కొక్కటే వస్తది. ఏజెంట్ రాసుకుంటడు. ఆ తర్వాత బూతుల వారీగా ఫారం 20 అని ప్రభుత్వమే విడుదల చేస్తది. ఇందులో దొంగతనం లేదు, అంతా నియమం ప్రకారమే. మనవాళ్లు ఏజెంట్లుగా కూర్చున్నా అదే రాసుకొస్తరు. పోలయిన ఓట్లకూ లెక్కయిన ఓట్లకూ తేడా వస్తే పట్టుకోవడానికి ఆ లెక్క కావాలె కూడా. దాని మంచి దానికున్నది.

ఇప్పుడు గుణకారం చూడండి. 4 లక్షల మందికి 407 బూతులంటే బూతుకు సుమారు 1,000 మంది. సగం మంది వచ్చిండ్రనుకుంటే 500 ఓట్లు. ఆ 500లో నాలుగు గల్లీలు. ఏ గల్లీ ఎవరిదో ఈ ఊర్ల పుట్టినోడికి చెప్పాల్నా? పట్నంలో అది అంచనా. పల్లెలో అంచనా కూడా కాదు. బూతు అంటేనే ఊరు, వార్డు అంటేనే వాడ.

మొన్న డిసెంబరు 11, 14, 17 తారీఖుల్లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినయి. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగు బందు, రెండింటికి లెక్కింపు, చీకటి పడే యాళ్లకు ఫలితం. బడి ఆవరణలో బల్బు కింద కాగితాలు విప్పుతుంటే కిటికీ చువ్వలు పట్టుకొని నిలబడ్డవాళ్లు ఈ సభలో ఉన్నరు. వార్డు మెంబరు ఓట్లు వార్డు వారీగా లెక్క. మాదిగవాడ ఒక వార్డు అయితే, అందులో 120 ఓట్లు పడితే, దొర మనిషికి 31 వస్తే, ఆ రాత్రి నుంచి 89 మంది కోసం వెతుకులాట. ఓడిపోయినవాళ్లు ఇంటింటికీ పోయి ఇచ్చిన డబ్బులు వాపసు అడిగిన వార్తలు 2019 పంచాయతీ ఎన్నికలప్పుడూ పేపర్లలో చదివినం. అది చదివి నవ్వుకున్నోళ్లున్నరు. ఆ గడప ముందు నిలబడి ఒట్టు వేయించుకున్నప్పుడు ఆ ఇంటి ఆడమనిషికి నవ్వు రాదు.

పాత రోజుల సంగతి పెద్దలు చెప్తరు. 1983 జనవరిలో రామారావు గెలిచినప్పుడు రేడియో చుట్టూ కూర్చొని తెల్లవార్లూ విన్నరు. కాగితాల లెక్క కాబట్టి రాత్రీ పగలూ సాగేది. అప్పుడు కూడా పండితులు, సినిమా మోజుల పడి హరిజనులు ఇందిరమ్మను విడిచిపెట్టిండ్రని రాసిండ్రు. కిలో 2 రూపాయల బియ్యం అన్న మాట మన పొయ్యి మీద ఎట్ల పనిచేసిందో వాళ్లకు పట్టలేదు. మనం సినిమా చూసి ఓటు వేస్తమట, వాళ్లు సిద్ధాంతం చూసి వేస్తరట!

అయితే కాగితాల కాలంలో ఒక మంచి ఉండేది. బెదిరింపులున్న చోట ఒక బూతు ఓట్లు ఎటు పడ్డయో తెలియకుండా, చాలా బూతుల బ్యాలెట్లను కలిపేసి లెక్కించే వీలు ఎన్నికల నియమాల్లో ఉండేది, 59ఏ అని. డ్రమ్ములో పోసి కలిపేది. మాలపల్లి కాగితమూ కరణంగారి వీధి కాగితమూ కలిసిపోయేవి. ఊర్ల కలవనిది అక్కడ కలిసేది. 2004 నుంచి అన్ని చోట్లా మిషన్లు వచ్చినయి, మిషన్లతోపాటు ఆ కలుపుడు పోయింది.

మిషన్లను కలపడం చేతకాక కాదు. పద్నాలుగు మిషన్ల ఓట్లను ఒక్కసారే కలిపి మొత్తం చూపే యంత్రం ఉన్నది, టోటలైజర్ అంటరు. ఓటు మిషన్లు తయారుచేసే బెంగళూరు బీఈఎల్, మన హైదరాబాదు ఈసీఐఎల్ కంపెనీలే దాన్ని తయారుచేసినయి. దాన్ని వాడుతమని ఎన్నికల సంఘం 2008లోనే కేంద్రానికి రాసింది. 2015 మార్చిలో లా కమిషన్ తన 255వ నివేదికలో కావాలన్నది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూతులవారీ లెక్క ఉంటే ఎక్కడ వెనకబడ్డమో తెలుసుకొని అక్కడ పని చేసుకోవచ్చని పార్టీల వాదన. ఆ పని ఏందో నవంబరు 14 రాత్రి మన గల్లీల చూసినం.

(ఒక తమ్ముడు: "అన్నా, మనం కూడా మన ఓటు ఎటు పోతున్నదో తెలుసుకోవాలె కదా. లేకపోతే మన పార్టీ ఎట్ల కడ్తం?")

తమ్ముడు అడిగింది నిజమైన ప్రశ్న. దీని మీద మా కార్యకర్తల్లోనే రెండు మాటలున్నయి, దాచేది లేదు. 1994లో కాన్షీరాం ఈ రాష్ట్రమంతా తిరిగిండు. మైదానాలు నీలి జెండాలతో నిండినయి. ఫలితాల రాత్రి చూస్తే ఒక్క సీటు లేదు. సభకు వచ్చినోళ్లంతా ఏమైండ్రని మన కార్యకర్తలు మన వాడలనే తిట్టిండ్రు, అమ్ముడుపోయిండ్రని. ఆ తిట్టు ఇప్పటికీ మాన్పలేని పుండు. 2021లో ఏనుగు ఎక్కిన ప్రవీణ్ కుమార్ గారు 2024 మార్చిలో కారు ఎక్కిండ్రు. ఆయన వెంట నడిచిన పిల్లలు ఏ గుర్తుకు వేయాల్నో తెలువక నిలబడిపోయిండ్రు. నాయకుడు మారితే వ్యూహం, కూలిమనిషి మారితే అమ్ముడుపోవుడు. ఈ కొలత మనం మార్చుకోవాలె.

బాబాసాహెబ్ అంతటివాడు 1952 జనవరిలో బొంబాయిలో ఓడిపోయిండు, 14 వేల పైచిలుకు ఓట్లతో. గెలిచిన కజ్రోల్కర్ కూడా దళితుడే, కాంగ్రెస్ మనిషి. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. రిజర్వు సీటులో దళితులు ఎవరిని కోరుకున్నరో కాదు, మిగతావాళ్లు ఏ దళితుణ్ని కోరుకున్నరో అదే తేలుతది. 1932 పూనా ఒప్పందం నుంచి మన మెడకు పడ్డ తాడు అది. అంటే మన మొగ్గు ఎటు అనేది ఫలితంలో కనపడదు. ఫలితంలో కనపడని మొగ్గును తెల్లారి మన వీపు మీద వెతుకుతరు.

మనం తెలుసుకోవాలె, నిజమే. కాని మనల్ని మనం అడిగి తెలుసుకోవాలె, ఇష్టమైనవాళ్లు చెప్తే వినాలె. చెప్పనివాళ్లను ఆ తల్లిని విడిచిపెట్టినట్టు విడిచిపెట్టాలె. ఆ రాత్రి గల్లీల మాల, మాదిగ, తురక అని వేళ్లు చూపుకున్నం కదా, ఆ పెద్దమనిషికి జేబులో ఉన్న కాగితం మీద కులాల పేర్లు లేవు. ఆ పేర్లు మనమే నింపి ఇచ్చినం.

ఇక చట్టం మాట. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చినప్పుడే, ఫలానావారికి వేయమనీ వేయొద్దనీ బలవంతం చేస్తే నేరం అని ఉన్నది. 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాంట్లో పోలింగు తర్వాతి సంగతి కూడా చేర్చిండ్రు. 3(1)లో ఎల్, ఎన్, ఓ అక్షరాల కింద చూడండి. పోలింగు తర్వాత కొట్టినా, సాంఘిక బహిష్కరణ గాని ఆర్థిక బహిష్కరణ గాని పెట్టినా, పెడ్తమని బెదిరించినా, రావాల్సిన ప్రభుత్వ సేవ రాకుండా అడ్డుకున్నా నేరం. ఫలానావారికి వేసినవనో వేయలేదనో కక్షతో ఈ చట్టం కింది నేరం ఏది చేసినా అదీ నేరమే. బహిష్కరణ అంటే ఊరికే మాట్లాడకపోవుడు కాదు. చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్లను నరకడానికి ముందు వారాల తరబడి నడిచింది బహిష్కరణే. పని బందు, పొలం దారి బందు. కత్తి తర్వాత వచ్చింది.

మన గల్లీల చెప్పిన "నీ కాగితం నా చేతుల మీదనే పోవాలె" అన్న మాట ఈ చట్టం కిందికి వస్తదా? మేం అడిగిన వకీలు సాక్ష్యం ఉంటే వస్తదన్నడు. ఆ రాత్రి ఇరవై మంది విన్నరు, పొద్దున ఇద్దరు మిగిలిండ్రు. మిగతావాళ్లను తప్పుపట్టడం లేదు. పింఛను వాళ్లది, అడ్డా వాళ్లది. అవ్వ పింఛను దరఖాస్తును మాత్రం ఆ పెద్దమనిషి చేతుల మీద పోనీయలేదు. మేమే నలుగురం అవ్వను వెంట తీసుకొనిపోయి ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చినం. రసీదు నకలు ఈ హాల్లో ఫైలులో ఉన్నది. పింఛను ఇంకా రాలేదు. వచ్చినా రాకున్నా ఈ పత్రికలోనే రాస్తం.

డబ్బుల సంగతి కూడా చెప్పకుండా దాటేస్తే మేం దొంగలమైతం. తీసుకున్నరు. చాలా ఇండ్ల తీసుకున్నరు, రెండు దిక్కుల తీసుకున్నోళ్లూ ఉన్నరు. తీసుకోవద్దని మేం ముప్పయి ఏండ్లుగా చెప్తున్నం, వింటలేరు. ఒక అక్క మమ్మల్ని అడిగింది, బంగళాలోళ్లకు రోడ్లు వేస్తే అభివృద్ధి, మాకు 2 వేలు ఇస్తే లంచమా అని. మా దగ్గర చక్కటి జవాబు లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తం. డబ్బు తీసుకున్నందుకు పసుపు కుంకుమ మీద, పిల్లల మీద పెట్టించుకున్న ఒట్టు ఒట్టు కాదు. లోపలికి పోయినంక మిషన్ పక్క అద్దంలో చీటీ ఏడు సెకండ్లు కనపడి పెట్టెల పడ్తది, దాని ఫోటో ఎవరికీ చూపాల్సిన పని లేదు. ఫోన్ లోపలికి తీసుకపోవద్దు. ఫోటో తెమ్మన్నోడికి, ఫోన్ బయటనే పెట్టించిండ్రని చెప్పండి.

పల్లెల నుంచి వచ్చినవాళ్లు పోయేముందు మా దగ్గర పేర్లు ఇచ్చిపోండి. మొన్నటి ఫలితాల తర్వాత మీ వాడలో పని మాన్పించిన ఇండ్లు, నల్లా బందు పెట్టిన ఇండ్లు, డబ్బులు వాపసు గుంజిన ఇండ్లు ఎన్నో తారీఖులతో రాసి పంపండి. పేర్లు అచ్చు వేయం. ఎన్నికల సంఘానికి ఒక విన్నపం రాసినం. బూతుల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ తేవాలని, బెదిరింపులున్న చోట వెంటనే తేవాలని అందులో ఉన్నది. పంచాయతీల్లో వాడ ఓట్ల గుట్టు ఎట్ల కాపాడుతరో చెప్పమని రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఇంకోటి. సంతకాల కాగితాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నయి. వేలిముద్ర అయినా సరే.

(వెనక నుంచి ఒక అవ్వ: "బిడ్డా, ఆ కాగితంల ఎవరికి ఓటు వేసిన్నో రాయాల్నా?")

అక్కర లేదవ్వా. పేరు, ఊరు. అంతే.